కేబుల్ నాడి పట్టిన శాస్త్రజ్ఞుడు – ఆలివర్ హెవిసైడ్

వైద్యుడు గాని, హకీము గాని రోగి దేహాన్ని కోసి చూచి వ్యాధిని నిర్ణయించడు. మణికట్టుపై వేళ్ళుంచి, నాడి నడకను బట్టి లోపలి నలతను తెలుసుకుంటాడు. నేలక్రింద పాతిన విద్యుత్ కేబుళ్ళ విషయంలో నేటి ఇంజనీర్లు చేస్తున్నదీ ఇంచుమించు ఇదే. రాగి తీగ చుట్టూ ఉన్న బంధక పదార్థం ఏండ్లు గడచిన కొద్దీ ముదిరి, బీటలు వారి, చెమ్మ పట్టి, ఒకనాడు హఠాత్తుగా తెగిపడుతుంది. అంతకు ముందే దాని ముసలితనాన్ని కనిపెట్టాలి. అయితే మైళ్ళ కొలది నేలను త్రవ్వి చూడడం సాధ్యం కాదు. అందుచేత కేబుల్ యొక్క ఒక కొస నుండి ఒక చిన్న విద్యుత్ సంకేతాన్ని పంపుతారు. అది లోపలికి పోయి, దారిలో తగిలిన ప్రతి మార్పు వద్ద కొంత భాగాన్ని వెనుకకు పంపుతుంది. ఆ ప్రతిధ్వనిని గణితంతో పరిశీలించి, ఎక్కడ, ఎంతటి దోషమున్నదో చెబుతారు.

ఈ నాడీశాస్త్రానికి గణిత పునాది వేసినవాడు ఆలివర్ హెవిసైడ్. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆకాశంలోని హెవిసైడ్ పొర ద్వారా ఆయన పేరు పరిచితమే. కాని ఆ పేరు వెనుక ఉన్న మనిషి కథ తెలిసినవారు తక్కువ. పట్టా లేదు, పదవి లేదు, చెవులు సరిగా వినిపించవు. అయినా సముద్రం అడుగున పడివున్న తీగలు ఏమి చెబుతున్నవో ఆయన విన్నంత స్పష్టంగా ఆ కాలంలో మరెవ్వరూ వినలేదు. ఆ విన్నదానిని లోకానికి వినిపించడానికి ఆయన పడిన పాట్లే ఈ జీవితకథలోని సారం.

హెవిసైడ్ 1850 మే 18వ తేదీన లండన్ నగరంలోని కామ్డెన్ టౌన్‌లో జన్మించాడు. తండ్రి థామస్ కొయ్యపలకలపై బొమ్మలు చెక్కి అచ్చుకు సిద్ధం చేసే పనివాడు. ఆ వృత్తి నానాటికీ క్షీణిస్తున్న రోజులవి. తల్లి రేచెల్ చిన్న బడి నడిపి సంసారానికి ఆసరాగా నిలిచింది. నలుగురు కుమారులలో ఆలివర్ కడపటివాడు. పసితనంలో వచ్చిన స్కార్లెట్ జ్వరం ఆయన వినికిడి శక్తిని దెబ్బతీసింది. తోటి పిల్లల మాటలు సరిగా వినబడక, వారి ఆటలలో కలియలేక, ఆ బాలుడు క్రమంగా ఏకాంతానికి అలవాటుపడ్డాడు. చదువులో మాత్రం వెనుకబడలేదు. 1865లో జరిగిన ఒక పోటీ పరీక్షలో అయిదువందల మందికి పైగా విద్యార్థులలో అయిదవ స్థానం పొందాడు. అయినా ఇంటి పరిస్థితి వల్ల పదహారవ ఏట బడి చదువు ముగిసింది. విశ్వవిద్యాలయపు గడప ఆయన విద్యార్థిగా ఎన్నడూ తొక్కలేదు.

ఆ కుటుంబానికి ఉన్న ఒకే ఒక అండ ఆలివర్ తల్లి సోదరి భర్త సర్ చార్లెస్ వీట్‌స్టన్. ఇంగ్లండులో తంతి వ్యవస్థను నెలకొల్పిన ప్రముఖులలో ఆయన ఒకరు. నిరోధాలను కొలిచే వీట్‌స్టన్ వారధి మన ప్రయోగశాలలలో నేటికీ ఆయన పేరనే ఉన్నది. ఆయన ప్రోత్సాహంతో ఆలివర్ అన్న ఆర్థర్, తరువాత ఆలివర్ తంతి ఉద్యోగాలలో ప్రవేశించారు.

ఆనాటి తంతి ప్రపంచపు స్థితిని ఇక్కడ కొంత చెప్పుకోవాలి. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున వేసిన మొదటి కేబుల్ ఇంగ్లండును అమెరికాతో కలిపింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. సంకేతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అర్థం కాకుండా పోతుంటే, కంపెనీ పక్షాన విద్యుత్ వ్యవహారాలు చూస్తున్న వైట్‌హౌస్ అనే వ్యక్తి, ఒత్తిడి పెంచితే వేగం పెరుగుతుందని భావించి, సుమారు 2000 వోల్టులు ప్రయోగించాడు. గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసిన ఆ బంధకం అప్పటికే బలహీనంగా ఉండెను. ఆ దెబ్బకు తాళలేక కేబుల్ మూడు వారాలకే మూగపోయింది. గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, సంకేతాలు ఆలస్యం కావడానికి తీగ యొక్క నిరోధము, కెపాసిటీ కారణాలని అంతకు ముందే లెక్కగట్టి చూపాడు. ఆ మాట వినినవారు తక్కువ. కేబుల్ లోపల ఏమి జరుగుతున్నదో తెలియకుండా దానిపై అధికారం చెలాయిస్తే ఏమవుతుందో లోకానికి తెలిసిన మొదటి పాఠమిది.

1868లో హెవిసైడ్ డెన్మార్కు వెళ్ళి తంతి ఉద్యోగిగా చేరాడు. తరువాత ఇంగ్లండులోని న్యూకాసిల్‌కు వచ్చి గ్రేట్ నార్తర్న్ కంపెనీలో పనిచేశాడు. ఇంగ్లండు తీరంలోని న్యూబిగిన్ నుండి ఉత్తర సముద్రం అడుగుగా డెన్మార్కు వరకు సాగిన కేబుల్ ఆయనకు నిజమైన పాఠశాల అయింది. ఆ కేబుల్‌లో ఒక వింత ఉండేది. ఒక దిక్కుకు పంపిన సంకేతాల వేగానికి, ఎదురు దిక్కునుండి వచ్చే సంకేతాల వేగానికి తేడా కనిపించేది. తీగ ఒకటే, దూరం ఒకటే, తేడా ఎందుకు? తోటి ఉద్యోగులు దీనిని ఒక విడ్డూరంగా చెప్పుకొని ఊరుకున్నారు. హెవిసైడ్ ఊరుకోలేదు. కేబుల్ రెండు కొసల నుండి భూమిపై సాగే తీగల నిరోధాలు, పంపే సాధనాల, అందుకునే సాధనాల నిరోధాలు సమానంగా లేకపోవడమే కారణమని తరువాత, 1877లో, లెక్కలతో నిరూపించాడు. ప్రయాణించే మార్గంలో ప్రతి భాగపు స్వభావమూ సంకేతంపై తన ముద్ర వేస్తుందన్న సత్యం ఆయన ఆలోచనలకు కేంద్రమైంది.

ఈ మధ్యలో, 1873లో, మాక్స్‌వెల్ మహాశయుని విద్యుదయస్కాంత గ్రంథం వెలువడింది. హెవిసైడ్ దానిని గ్రంథాలయంలో చూచి ముగ్ధుడైనాడు. అందులోని గణితం ఆయనకు కొరకరాని కొయ్య. బడిలో నేర్చిన బీజగణితం, త్రికోణమితి దానికి ఏ మాత్రమూ చాలవు. అయినా ఆ గ్రంథాన్ని జయించి తీరవలెనని నిశ్చయించుకొన్నాడు. 1874లో, ఇరువది నాలుగవ ఏట, మంచి జీతం వచ్చే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి తల్లిదండ్రుల ఇంటికి తిరిగివచ్చాడు. ఆ తరువాత యాభై సంవత్సరాలు బ్రతికినా మరొక ఉద్యోగం చేయలేదు. గది తలుపులు మూసికొని, అవసరమైన గణితాన్ని స్వయంగా నేర్చుకొంటూ సంవత్సరాల తరబడి కృషి చేశాడు.

ఆ కృషికి ఫలం 1876 నుండి కనిపించసాగింది. థామ్సన్ లెక్కలో కేబుల్‌కు రెండే గుణాలు: ప్రవాహాన్ని అడ్డే నిరోధము, విద్యుత్తును నిలువ చేసుకొనే కెపాసిటీ. హెవిసైడ్ దానికి ప్రేరకత్వాన్ని చేర్చాడు. ప్రవాహం చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం వల్ల, కదిలే బండికి ఉండే జడత్వం వంటిది విద్యుత్తుకూ సంక్రమిస్తుంది, అదే ప్రేరకత్వం. నాలుగవది బంధకం గుండా జరిగే కారుడు. దానిని వాహకత్వమని కొలుస్తారు. ఈ నాలుగు గుణాలను కేబుల్ పొడవునా పరచి ఆయన రచించిన అవకలన సమీకరణాన్ని నేటికీ తంతి సమీకరణమనే వ్యవహరిస్తారు. దాని ప్రకారం, సంకేతం నీటి చెమ్మ వలె తీగలో మెల్లగా ప్రాకేది కాదు. అలవలె నిర్దిష్ట వేగంతో ముందుకు సాగేది. అల అయినప్పుడు, దారిలో గుణాలు మారినచోట అది కొంత వెనుకకు మరలుతుంది కూడా. నూతిలో రాయి వేసి, చప్పుడు వచ్చిన వ్యవధిని బట్టి లోతు చెప్పినట్లు, మరలివచ్చిన అలను బట్టి దోషమెంత దూరంలో ఉన్నదో చెప్పవచ్చు.

1879లో కేబుళ్ళలోని లోపాలను గురించి ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఒక ఆశ్చర్యకరమైన విషయమున్నది. బంధకంలో ఒకచోట చిన్న చిల్లు పడి విద్యుత్తు కారిపోతుంటే, సంకేతం బలహీనమవుతుంది, నిజమే. కాని ఆ కారుడు వల్ల తీగలో నిలిచిపోయిన విద్యుత్తు త్వరగా ఖాళీ అయి, ఒక సంకేతం తరువాతి దానిలో కలిసిపోకుండా స్పష్టత పెరుగుతుంది. లోపమన్నది కేవలం లోపంగా కాక, కొలవదగిన గుణంగా, అర్థం చెప్పే అక్షరంగా చూచిన దృష్టి ఇది.

ఈ ఆలోచనే 1887లో మహత్తరమైన సూత్రంగా పరిణమించింది. నిరోధానికి ప్రేరకత్వానికి గల నిష్పత్తి, వాహకత్వానికి కెపాసిటీకి గల నిష్పత్తికి సమానమైతే, సంకేతం ఎంత దూరం పోయినా బలం తగ్గుతుందే గాని రూపం చెడదు. మామూలు కేబుళ్ళలో ప్రేరకత్వం అవసరమైనదాని కన్న చాల తక్కువ. కాబట్టి దానిని పెంచాలి. ఇందుకై బంధకంలో ఇనుప రజను కలపడం, దారి పొడవునా ప్రేరక చుట్టలు అమర్చడం వంటి మార్గాలను ఆయన సూచించాడు. దూరప్రాంతాల టెలిఫోను సంభాషణకు ఇది రాజమార్గం.

ఆ మార్గానికి అడ్డుగా నిలిచినవాడు బ్రిటిష్ తపాలా శాఖలో విద్యుత్ విభాగపు పెద్ద విలియం ప్రీస్. ఆయన అనుభవశాలి, పలుకుబడి గలవాడు. గణితం మీద మాత్రం గౌరవం లేనివాడు. ప్రేరకత్వం సంభాషణకు హానికరమని ఆయన బహిరంగంగా ప్రకటించి ఉన్నాడు. 1887లో హెవిసైడ్ సోదరులిద్దరూ కలిసి టెలిఫోను విధానంపై ఒక వ్యాసం సిద్ధం చేశారు. ఆర్థర్ తపాలా శాఖ ఉద్యోగి కనుక అది పై అధికారి అయిన ప్రీస్ చేతి మీదుగా పోవలసి వచ్చింది. పోయి అక్కడే ఆగిపోయింది. అదే ఏడాది, హెవిసైడ్ వ్యాసాలను ఆదరించి ప్రచురిస్తున్న ఎలక్ట్రీషియన్ పత్రిక సంపాదకుడు మారిపోయాడు. క్రొత్త సంపాదకుడు ఆ వ్యాసాలకు పాఠకులు లేరన్న కారణంతో వాటిని నిలిపివేశాడు. చేతిలో సత్యమున్నది, చెప్పడానికి వేదిక లేదు. చెవులు వినిపించనివాడు హెవిసైడ్ అని లోకమనుకొన్నది. వినదలచనివారు ఎవరో చరిత్ర తరువాత తేల్చింది.

అదృష్టవశాత్తు సత్యానికి వేరే సాక్షులు దొరికారు. 1888లో జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగంలో సాధించి, మాక్స్‌వెల్ సిద్ధాంతాన్ని స్థిరపరిచాడు. ఆలివర్ లాడ్జ్, ఫిట్జ్‌జెరాల్డ్ వంటి విద్వాంసులు హెవిసైడ్ రచనల విలువ గుర్తించారు. 1889 జనవరిలో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ అధ్యక్షపీఠం నుండి స్వయంగా విలియం థామ్సన్ ఆయన సిద్ధాంతాన్ని ప్రశంసించాడు. తన లెక్కను సవరించిన యువకుణ్ణి ఆ పెద్దాయన సభాముఖంగా గౌరవించడం విద్వాంసుని ఔదార్యానికి తార్కాణం. 1891లో హెవిసైడ్ రాయల్ సొసైటీ సభ్యుడైనాడు.

నేడు మన కళాశాల పుస్తకాలలో మాక్స్‌వెల్ సమీకరణాలు నాలుగుగా కనిపిస్తున్నవి. మాక్స్‌వెల్ వాటిని 1865లో ఇరువది సమీకరణాలుగా వ్రాశాడు. వాటిని సదిశ గణితంలోకి మార్చి ఆ నాలుగింటి రూపానికి తెచ్చినవారిలో హెవిసైడ్ అగ్రగణ్యుడు. ఇండక్టెన్స్, ఇంపెడెన్స్, కండక్టెన్స్ వంటి ఆంగ్ల పారిభాషిక పదాలు ఆయన సృష్టించినవే. అవకలన సమీకరణాలను బీజగణితం వలె సాధించే ఒక పద్ధతిని కూడా ఆయన రూపొందించాడు. దానికి తగిన నిరూపణలు లేవని గణితజ్ఞులు ఆక్షేపించారు. ఆ విషయమై ఆయన వ్రాసిన మూడవ వ్యాసభాగాన్ని 1894లో రాయల్ సొసైటీ త్రోసిపుచ్చింది. ఇంజనీర్లు మాత్రం ఆ పద్ధతిని చేజార్చుకోలేదు.

ఇంతటివాని చేతికి డబ్బు వచ్చిన దాఖలా లేదు. 1889లో తల్లిదండ్రులతో కూడ డెవన్ ప్రాంతంలోని పెయిన్‌టన్‌కు వెళ్ళి, మరొక అన్న చార్లెస్ సంగీతవాద్యాల దుకాణం ఉన్న ఇంట నివసించాడు. మిత్రులు ధర్మనిధి నుండి సహాయం ఇప్పించబోతే, అది భిక్ష అని తిరస్కరించాడు. చివరకు 1896లో ప్రభుత్వం ఏటా 120 పౌనుల గౌరవ భృతి మంజూరు చేసింది. అది ప్రతిభకు గుర్తింపు కనుక అంగీకరించాడు. ఇదిలా ఉండగా 1900లో అమెరికాలో మైకేల్ ప్యూపిన్ ప్రేరక చుట్టల విధానంపై పేటెంటు పొంది ధనవంతుడైనాడు. ఆ చుట్టలు అమర్చిన తీగలపై అమెరికాలో దూరపు సంభాషణలు విస్తరించినవి. ఆలోచన పుట్టిన దేశం మాత్రం తన గణితజ్ఞుని మాట పెడచెవిని పెట్టి వెనుకబడిపోయింది. హెవిసైడ్‌కు దక్కింది శూన్యం.

1902లో ఒక విజ్ఞాన సర్వస్వానికి వ్రాసిన వ్యాసంలో, వాతావరణపు పై భాగంలో విద్యుద్వాహకమైన పొర ఒకటి ఉండవచ్చునని, భూమి వంపును దాటి రేడియో తరంగాలు పోవడానికి అది తోడ్పడుతుందని ఆయన సూచించాడు. అదే సంవత్సరంలో అమెరికాలో కెన్నెలీ కూడా స్వతంత్రంగా అదే చెప్పాడు. 1924 డిసెంబరులో ఆపిల్టన్, బార్నెట్ అనువారు దాని ఉనికిని ప్రయోగం ద్వారా నిరూపించారు. అప్పటికి హెవిసైడ్ జీవితంలో మిగిలినవి రెండు నెలలు.

చివరి సంవత్సరాలు దయనీయమైనవి. 1908 నుండి టార్కీ పట్టణంలో నివసించాడు. ఇంట్లో ఒంటరితనం, అనారోగ్యం, గ్యాసు కంపెనీతో బాకీల తగాదాలు. ఇరుగుపొరుగులకు ఆయన ఒక వింత ముసలివాడు. 1922లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ మొట్టమొదటి ఫారడే పతకాన్ని ఆయనకు ప్రకటించినప్పుడు, సంస్థ అధ్యక్షుడే ఆ ఇంటికి వెళ్ళి దానిని అందజేయవలసి వచ్చింది. 1925 ఫిబ్రవరి 3న ఆయన కన్నుమూశాడు. పెయిన్‌టన్‌లో తల్లిదండ్రుల సమాధి చెంతనే ఆయనకూ చోటు దొరికింది.

మనిషి పోయినా సమీకరణం నిలిచింది. ఇరువదవ శతాబ్దంలో గట్టాపెర్చా స్థానంలో నూనెలో తడిపిన కాగితం, తరువాత పాలిథిన్ బంధకాలు వచ్చినవి. ప్లాస్టిక్ కనుక చెమ్మ దూరదని మొదట భావించారు. 1969 ప్రాంతంలో జపాను పరిశోధకులు బంధకం లోపల చెట్టు కొమ్మల వంటి సన్నని తడి చారలను గుర్తించారు. నీటి చెట్లు అని వాటికి పేరు. పైకి నున్నగా కనిపించే కేబుల్ లోపల అవి చెదపురుగుల వలె చడీచప్పుడు లేక సంవత్సరాల తరబడి పెరుగుతాయి. ఆ విధంగా వార్ధక్యం వచ్చిన చోట కెపాసిటీ పెరుగుతుంది, కారుడు పెరుగుతుంది. అంటే హెవిసైడ్ వ్రాసిన నాలుగు అక్షరాలలో రెండు మారుతాయి. పంపిన అల ఆ మార్పును గుర్తించి కొంత వెనుకకు మరలుతుంది.

ఇటువంటి కేబుల్‌లో అల వేగం సెకనుకు దాదాపు 16 కోట్ల మీటర్లు. కాంతి వేగంలో సగానికి కొంచెం పైన. పంపిన అల సెకనులో లక్షవ వంతు కాలానికి మరలివస్తే, అది పోయిరావడానికి 1600 మీటర్లు నడిచిందని, దోషం 800 మీటర్ల దూరంలో ఉన్నదని లెక్క. తెగిన చోట నుండి అల తలక్రిందులు కాకుండా వస్తుంది. తీగలు ఒకదానికొకటి అంటుకొన్న చోట నుండి తలక్రిందులై వస్తుంది. ముసలితనపు జాడలు ఇంత స్ఫుటంగా ఉండవు. అందుకే ఒకే అలను కాక, తక్కువ పౌనఃపున్యం నుండి ఎక్కువ పౌనఃపున్యం వరకు వరుసగా సంకేతాలు పంపి, వచ్చిన సమాధానాలను గణనయంత్రాలతో విశ్లేషించి, సన్నని ప్రతిధ్వనులను సైతం పసిగడుతున్నారు. కేబుల్ అంతటా సమంగా ముదిరితే ప్రతిధ్వని రాదు. అప్పుడు అల వేగం తగ్గడం, బలం క్షీణించడం మాత్రమే ఆధారం. కనుక కేబుల్ క్రొత్తగా ఉన్నప్పుడే దాని నాడి నడకను వ్రాసి ఉంచుకోవడం ఉత్తమం. బంధకంలోని చిన్న బొద్దులలో పుట్టే సూక్ష్మ స్ఫులింగాలు కూడా రెండు దిక్కులా అలలను పంపుతాయి. అవి కొసకు చేరే కాలభేదమే వాటి చిరునామా.

ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరుగుతుండగా దీపాలు ఆరిపోకుండా ఉండడానికి, అణువిద్యుత్ కేంద్రంలో రక్షణ యంత్రాలు ఆగిపోకుండా ఉండడానికి ఈ పరీక్షలు ఆధారమవుతున్నవి. వాటి వెనుక కామ్డెన్ టౌన్‌లోని ఒక మూసిన గది ఉన్నదని ఎందరికి తెలుసు?

విద్యార్థులు ఈ జీవితం నుండి పట్టా అనవసరమన్న అర్థం తీయరాదు. హెవిసైడ్ బడి మానినాడే గాని చదువు మానలేదు. అర్థం కాని గ్రంథం ఎదురైనప్పుడు దానిని మూసివేయక, అర్థం చేసుకొనే అర్హత సంపాదించుకొన్నాడు. పెద్దలు, అధికారులు తీసుకోవలసిన పాఠం మరొకటి. కేబుల్ ఒక్కసారిగా తెగదు; ఎన్నో ఏండ్ల ముందు నుండి సన్నని గొంతుతో హెచ్చరిస్తూనే ఉంటుంది. మనుషుల సంస్థలూ అంతే. ఆ సన్నని గొంతు పదవి లేనివానిదైనా, పల్లెటూరివానిదైనా, వెనుక బల్ల మీది విద్యార్థిదైనా సరే, చెవి ఒగ్గి వినగలిగిన సంస్థ కలకాలం నిలుస్తుంది. వినని సంస్థకు కీడు జరిగిన తరువాత నేల త్రవ్వుకోవడమే మిగులుతుంది.